మైల్స్‌తో ఇంటిల్లిపాదికీ బిజినెస్ క్లాస్ టికెట్లా, ముందు ఇవి చూస్కోండి

క్రెడిట్ కార్డు పాయింట్లు ఎయిర్‌లైన్‌కి పంపి మైల్స్‌గా (అంటే టికెట్లకి వాడుకునే ఎయిర్‌లైన్ పాయింట్లుగా) మార్చకముందే సీట్లు ఉన్నాయా లేదా చూస్కోండప్పా, ఒకసారి పాయింట్లు పోయినాయంటే మామూలుగా వెనక్కి రావు, అన్నిట్లోకి పెద్ద జాగ్రత్త ఇదే. నలుగురికని వెతికితే ఏమీ చూపియ్యకపోవచ్చు, ఇద్దరికని వెతకండి, దొరికితే ఇద్దరిద్దరు వేరే రోజుల్లో పోడానికి ఇంట్లో ఒప్పుకుంటారేమో ముందే అడగండి (అమ్మానాయనల్ని మాత్రం విడిగా పంపొద్దు, మధ్యలో ఫ్లైటు మారాల కదా).

క్రిస్‌ఫ్లయర్ (సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ మైల్స్ స్కీము) అయితే ఇంట్లోవాళ్ళని నామినీలుగా, అంటే మీ మైల్స్‌తో టికెట్ తీసిచ్చేవాళ్ళుగా చేర్చాల, 5 మందికే ఛాన్సు.

పాస్‌పోర్టులో పేరు ఎట్లుంటే టికెట్లో అట్లే. ట్యాక్సులు, సర్‌ఛార్జీలు డబ్బులే కట్టాల.

అనంతపురం వాళ్ళు బెంగళూరు ఎయిర్‌పోర్టుకి కారులో పోతే సరి, కడప నుంచి చిన్న ఫ్లైటు వేరే టికెట్ మీద తీసుకుని అది లేటయితే పెద్ద ఫ్లైటు పాయ, అందుకే ముందురోజే బయల్దేరండి.