వరంగల్ పాత బాస్కెట్‌బాల్ ఆటగాడి జీవిత విశేషాలు రాయడం ఎలా?

కళాశాల రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడి, తరువాత ఉద్యోగంలో స్థిరపడిన పెద్దమనిషి ఎవరైనా మీ ఇంట్లోనో వాడలోనో ఉంటే, ఆయన జీవిత విశేషాలు రాయడానికి ముందుగా కథ చెప్పించుకోకండి. బీరువాలో దాచిన ధ్రువపత్రాలను బయటికి తీయించండి. జ్ఞాపకంలో స్కోరు పెరుగుతుంది, సంవత్సరం అటూ ఇటూ జరుగుతుంది. కాగితంతో సరిచూడకుండా ఏ తేదీనీ ఖాయం చేయకూడదు.

"నేను యూనివర్సిటీ ఆడిన" అని ఆయన అంటే, ఏ యూనివర్సిటీకి అన్నది వెంటనే తేల్చుకోవాలి. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అంతకుముందు వరంగల్, హనుమకొండ కళాశాలలు ఉస్మానియా పరిధిలో ఉండేవి కాబట్టి, 1972లో ఇక్కడ చదివిన విద్యార్థి అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో ఉస్మానియా తరఫునే ఆడి ఉంటాడు. అదేవిధంగా 1959లో మొదలైన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల (ఆర్‌ఈసీ) 2002లో ఎన్‌ఐటీ అయింది. ఆయన ఆర్‌ఈసీలో చదివితే ఆర్‌ఈసీ అనే రాయండి, నేటి పేరును పక్కన ఒకసారి చెబితే చాలు.

ఆట గురించి రాసేటప్పుడు ఆనాటి నిబంధనలను దృష్టిలో పెట్టుకోవడం అన్నిటికంటే ముఖ్యం. అంతర్జాతీయ నిబంధనలలో మూడు పాయింట్ల గీత 1984లో వచ్చింది, అదీ 6.25 మీటర్ల దూరంలో. 2010 నుంచి అది 6.75 మీటర్లయింది. 2000 వరకు ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలుగా సాగేది, షాట్ వేయడానికి ముప్పై సెకన్లు ఉండేవి. ఆ తరువాతే పది నిమిషాల నాలుగు క్వార్టర్లు, ఇరవై నాలుగు సెకన్ల గడువు వచ్చాయి. ఎంత దూరం నుంచి వేసినా రెండే పాయింట్లు వచ్చిన కాలంలో ఒకరు సాధించిన పద్దెనిమిది పాయింట్లను నేటి పద్దెనిమిదితో పోల్చడం ఆయనకు అన్యాయం చేయడమే. పైగా మామూలు స్కోరుషీటులో పాయింట్లు, ఫౌళ్ళు కనిపిస్తాయి గాని, బంతిని నడిపించి ఇతరులచేత బాస్కెట్లు వేయించిన గార్డు శ్రమ కనిపించదు. అందుకే తోటి ఆటగాళ్ళను కలిసి "ఎట్లా ఆడేవాడు?" అని కాకుండా, "చివరి నిమిషంలో బంతి ఎవరి చేతికి ఇచ్చేవాళ్ళు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు పొగడ్తే వస్తుంది.

ఉద్యోగ జీవితాన్ని ఒక్క వాక్యంలో ముగించడం చాలామంది చేసే పొరపాటు. రైల్వేలోనో బ్యాంకులోనో స్పోర్ట్స్ కోటా కింద చేరి ఉంటే, ఏ ధ్రువపత్రం ఆధారంగా చేరారో అడగాలి; కేంద్ర ప్రభుత్వ నియామకాలలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో ఆడినవారికి ఫారం 3 అనే నమూనాలో ధ్రువపత్రం ఉంటుంది. సంస్థ జట్టుకు ఎన్నేళ్ళు ఆడారు, కాజీపేట నుంచి ఎక్కడికి బదిలీ అయ్యారు, ఏ దెబ్బతో ఆట మానేశారు అన్నవి వరుసగా రాయాలి. మోకాళ్ళ సంగతి ఎత్తితే, ట్రోఫీల గురించి చెప్పనివి కూడా చెబుతారు.

క్రీడాకారిణి అయితే ధ్రువపత్రాలలో పుట్టింటి ఇంటిపేరు, ఉద్యోగ పత్రాలలో అత్తింటి ఇంటిపేరు ఉండవచ్చు. రెండూ నమోదు చేయకపోతే పాత రికార్డులలో ఆమె దొరకరు.

రాసినదంతా ఆయనకు చదివి వినిపించండి. ఇతరుల గురించి తొలగించమన్నవి తొలగించవచ్చు, ఓడిన ఆటలను మాత్రం ఉంచమని ఒప్పించండి. జట్టు ఫొటోకు నకలు తీసి, నిలుచున్నవారివి, కూర్చున్నవారివి పేర్లు ఎడమ నుంచి కుడికి నకలు వెనుక పెన్సిలుతో రాయించండి; గుర్తుపట్టలేని ముఖం దగ్గర ఖాళీ వదిలి, ఆ నకలును తరువాతి సహచరుడి ఇంటికి తీసుకువెళ్ళండి.