తక్కువ బడ్జెట్‌లో మొదటి రిమోట్ కారు ఎలా ఎంచుకోవాలి?

నిరుడు దసరా సెలవులకు మా అక్క కొడుకు నల్లగొండ వచ్చాడు. పద్దెనిమిది వందలు పెట్టి వాడికి రిమోట్ కారు కొనిచ్చాను. మూడో రోజు పొద్దున్నే దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, "మామా, మోటరు మోగుతుంది గానీ ముంగటికి పోతలేదు" అన్నాడు. నాలుగు స్క్రూలు విప్పి చూస్తే లోపల గోరంత తెల్ల ప్లాస్టిక్ గేరు. దానికి రెండు పళ్లు అరిగిపోయాయి. ఆ గేరు కొన్న దుకాణంలో లేదు, ఊళ్లో ఇంకెక్కడా లేదు. పెట్టె మీద తయారుచేసిన కంపెనీ పేరు కూడా లేదు. మోటరు, బ్యాటరీ, రిమోట్ అన్నీ బాగానే ఉన్నా గోరంత గేరు లేక కారు బీరువా మీదికి ఎక్కింది.

ఆ తర్వాత వాడికి ఇంకో కారు కొనడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చదివినవి, అడిగి తెలుసుకున్నవి, చేత్తో విప్పి చూసినవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మొదటి కారు కొనేవాళ్లు అన్నిటికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: విరిగిన ముక్క విడిగా దొరుకుతుందా?

ముందు మీ ఇంటి ముందు నేల చూడండి

కారు బొమ్మలు చూడకముందే బయటికి వచ్చి, అది రోజూ ఎక్కడ తిరుగుతుందో చూసుకోండి. మన పాలమూరు, నల్లగొండ వైపు ఎక్కువగా ఎర్రమట్టి చెల్కలే. గ్రౌండ్లలో మెత్తటి దుమ్ము, దాని మీద మొరం రాళ్లు ఉంటాయి. వీడియోల్లో పక్కకు జారుతూ మలుపు తిరిగే డ్రిఫ్ట్ కార్లు కంటికి బాగుంటాయి. కానీ వాటికి నున్నటి నేల కావాలి. టైల్స్ వేసిన హాలో, ఫంక్షన్ హాలు లాంటి చోటో ఉంటే సరే, లేకపోతే ఇంటి ముందు సీసీ రోడ్డు అతుకుల దగ్గరే వాటి అడుగు తగులుతుంది.

కాలేజీ గ్రౌండ్ లాంటి మట్టినేల దగ్గర్లో ఉంటే బగ్గీ, ట్రగ్గీ, మాన్‌స్టర్ ట్రక్ రకాలు చూడండి. వీటికి చక్రాలు పెద్దవి, అడుగు ఎత్తుగా ఉంటుంది, స్ప్రింగులు బాగా ఆడతాయి. నల్లగొండలో ఉండేవాళ్లు పొద్దున వాకింగ్ చేసేవాళ్లు వెళ్లిపోయాక ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో ఇలాంటి బండి నడిపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మూడో రకం క్రాలర్. ఇది మెల్లగా రాళ్ల మీదికి ఎక్కే బండి. నా లెక్కలో మన ప్రాంతానికి దీన్ని మించింది లేదు. ఏ ఊరి పక్కన చూసినా గుట్టలు, గుండ్లు ఉండనే ఉన్నాయి. పరుగు లేదు కాబట్టి గుద్దుకోవడం తక్కువ, విరగడం తక్కువ, ఒక్క బ్యాటరీతో ఎక్కువసేపు నడుస్తుంది. ఒక రాయి ఎక్కించడానికి పది నిమిషాలు కష్టపడి, చివరికి ఎక్కినప్పుడు పిల్లవాడి కేక వినాలి. చిన్న వాకిలి తప్ప చోటు లేనివాళ్లు కూడా నాలుగు రాళ్లు పేర్చుకుంటే చాలు.

రేగడి నేలవాళ్లకు ఒక మాట. వాన పడ్డాక రెండు మూడు రోజులు కారు బయటికి తీయకండి. ఆ మట్టి చక్రాలకు పట్టిందంటే మోటరు మీద భారం పడి కాలిపోతుంది. ఇంకొకటి, కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆ పక్కకు కారు తీసుకుపోవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

బొమ్మ కారుకూ హాబీ కారుకూ తేడా పట్టుకోండి

హాబీ కారు అంటే విడిభాగాలు మార్చుకుంటూ చాలాకాలం నడుపుకునేది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రిమోట్ చేతిలోకి తీసుకుని స్టీరింగ్ కొంచెమే తిప్పండి. ముందు చక్రాలు కూడా కొంచెమే తిరిగితే అది హాబీ రకం. మీరు ఎంత తిప్పినా చక్రాలు టక్కున ఆ కొస నుంచి ఈ కొసకు పోతే అది బొమ్మ రకం. ట్రిగ్గర్ కూడా అంతే. సగం నొక్కితే సగం వేగం రావాలి. నడపడం అనే విద్య వచ్చేది ఈ పట్టులోనే. ఉంటే ఉరుకుడు, లేకపోతే ఆగుడు తప్ప ఇంకేం తెలియని కారుతో పిల్లలకు వారంలో మొహం మొత్తుతుంది.

పాత పద్ధతి 27 మెగాహెర్ట్జ్ రిమోట్‌తో ఒకేచోట ఇద్దరు నడిపితే ఒకరి రిమోట్‌కు ఇంకొకరి కారు కదిలే అవకాశం ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ అయితే ఆ గొడవ లేదు. అయితే ఇప్పుడు చవక బొమ్మల మీద కూడా 2.4 అని ఉంటోంది. ఆ అంకె చూసి హాబీ కారు అనుకోకండి.

అయిదారేళ్ల పిల్లలకైతే బొమ్మ కారే సరి. దాని మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. హాబీ కార్లలో చాలావాటి మీద 14 ఏళ్లు దాటినవాళ్లకు అని రాసి ఉంటుంది. చిన్నవాళ్లు నడిపేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

డబ్బును ముందే రెండు భాగాలు చేయండి

చేతిలో ఎనిమిది వేలు ఉంటే ఎనిమిది వేల కారు కొనకూడదు. ఆరు వేల లోపు కారు చూసుకుని, రెండు వేలు పక్కకు పెట్టండి. ఆ రెండు వేలలో ఇంకో బ్యాటరీ, ఒక జత గేర్లు, ముందు చక్రాలను పట్టి ఉంచే చేతులు, చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు వస్తాయి. నాలుగో వంతు ఇలా ఆపుకోవడం మొదట్లో బాధగానే ఉంటుంది. కానీ రెండో వారంలో ఏదో ఒకటి విరిగినప్పుడు ఆ డబ్బే కారును మళ్లీ నేల మీదికి తెస్తుంది.

బడ్జెట్ మూడు వేల లోపే అయితే తొందరపడకండి. ఇంకో రెండు నెలలు ఆగి డబ్బు కలుపుకోవడమే మంచిది. ఆ ధరలో వచ్చేవాటిలో చాలావాటికి విడిభాగాలు దొరకవు.

సైజు, వేగం

పెట్టె మీద 1/10, 1/16, 1/24 అని ఉంటుంది. అసలు కారులో అది ఎన్నో వంతో చెప్పే లెక్క అది. నాలుగు మీటర్ల కారు 1/10 లో 40 సెంటీమీటర్లు, 1/16 లో 25 సెంటీమీటర్లు, 1/24 లో దాదాపు 17 సెంటీమీటర్లు అవుతుంది. చిన్నది చవక, కానీ మొరం రాయి కూడా దానికి గుండులాగే అడ్డం వస్తుంది. బయట నడిపేవాళ్లకు 1/16 నుంచి 1/12 దాకా సరిపోతుంది. 1/24 క్రాలర్లు ఇంట్లోకి బాగుంటాయి.

వేగం విషయంలో చిన్న లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మీ గల్లీ 30 మీటర్లుంటే రెండు సెకన్లలో అయిపోతుంది. ఆ రెండు సెకన్లలో ఎదురుగా బైకు రావచ్చు, పసిపిల్ల రావచ్చు. అదే 20 కిలోమీటర్ల వేగమైతే సెకనుకు అయిదున్నర మీటర్లు. మొదటిసారి నడిపే చేతికి ఇది కూడా ఎక్కువే అనిపిస్తుంది.

ఆర్డర్ పెట్టకముందు విడిభాగాలు వెతకండి

ఈ పనికి ఒక సాయంత్రం మొత్తం ఇవ్వండి. నచ్చిన కారు మోడల్ నంబర్ కాగితం మీద రాసుకోండి. ఆ నంబర్‌కు డిఫరెన్షియల్ గేరు (మలుపులో రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది), స్పర్ గేరు (మోటరు గేరు తిప్పే పెద్ద పళ్ల చక్రం), ముందు వెనక ఆర్మ్‌లు (చక్రాలను పట్టి ఉంచే చేతులు), డ్రైవ్ షాఫ్టు (చక్రాలకు శక్తి అందించే కడ్డీ), సర్వో (ముందు చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటరు పెట్టె), రిసీవర్ బోర్డు (రిమోట్ సిగ్నల్ అందుకునేది) ఒక్కొక్కటీ విడిగా వెతకండి. మన దేశంలోనే స్టాకు పెట్టుకుని అమ్మే దుకాణాల్లో ఈ ఆరింటిలో కనీసం నాలుగు దొరకాలి. విదేశీ సైట్‌లో మాత్రమే దొరికితే వారాల తరబడి ఎదురు చూడాలి, సుంకం కూడా మీద పడవచ్చు. 2023 బడ్జెట్‌లో బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 60 నుంచి 70 శాతానికి పెంచారు. పెద్ద కంపెనీల కార్లు ఇక్కడ ఖరీదుగా ఉండటానికి అదొక కారణం.

ఉదాహరణకు డబ్ల్యూపీఎల్ అనే చైనా కంపెనీ వాళ్ల సీ24 అని 1/16 సైజు క్రాలర్ ఉంది. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, నెమ్మదిగా నడుస్తుంది, లోపలి భాగాలన్నీ విడిగా అమ్ముతారు. వాళ్లదే డీ12 సుజుకీ క్యారీ మినీ ట్రక్కు రూపంలో ఉంటుంది. దానికి వెనక చక్రాలకే శక్తి కాబట్టి రాళ్లకు పనికిరాదు, చదును నేల మీద ముద్దుగా తిరుగుతుంది. ఇంకొంచెం డబ్బు పెట్టగలిగి, గ్రౌండ్‌లో వేగంగా ఉరికేది కావాలంటే డబ్ల్యూఎల్‌టాయ్స్ కంపెనీ 144001 మోడల్ చూడవచ్చు. 1/14 బగ్గీ, నాలుగు చక్రాలకూ శక్తి, లోహపు ఛాసిస్, అంటే అడుగు చట్రం. కంపెనీ 60 కిలోమీటర్ల వేగం అని చెప్పుకునే బండి కాబట్టి పైన వేసిన లెక్క మరిచిపోకండి. ధరలు తరచూ మారుతుంటాయి, రెండు మూడు చోట్ల చూసుకోండి.

అమ్మేవాళ్లను అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆర్‌టీఆర్ అంటే పెట్టె విప్పగానే నడిచేదా, లేక కిట్టా? కిట్ అయితే మనమే బిగించుకోవాలి. రిమోట్, సర్వో, బ్యాటరీ, ఛార్జర్ విడిగా కొనాల్సి రావచ్చు. జపాన్ కంపెనీ టమియా కిట్లు చాలావరకు ఇలాగే వస్తాయి. రెండు, సర్వోకు ఎన్ని తీగలున్నాయి?  అయిదు తీగలుంటే అది ఆ కంపెనీ బోర్డుకు తప్ప దేనికీ పనిచేయదు. మూడు తీగలుంటే సైజుకు సరిపోయే వేరే కంపెనీది కూడా వేసుకోవచ్చు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ వైపు వెళ్తే ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టులకు కొనే చిన్న సర్వోలు దొరుకుతాయి. పాలమూరు నుంచైనా నల్లగొండ నుంచైనా పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

మోటరులో బ్రష్‌డ్, బ్రష్‌లెస్ అని రెండు రకాలు. లోపల కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ తిరిగేది బ్రష్‌డ్, అవి లేనిది బ్రష్‌లెస్. మొదటి కారుకు బ్రష్‌డ్ చాలు. చవక, మార్చుకోవడం తేలిక.

బ్యాటరీ దగ్గర జాగ్రత్త

కారు ధర చూసినంత శ్రద్ధగా బ్యాటరీ చూడండి. 1500 ఎంఏహెచ్ అంటే గంటపాటు ఒకటిన్నర ఆంపియర్లు ఇవ్వగలదని అర్థం. కారు సగటున ఆరు ఆంపియర్లు లాగితే పావుగంటలో ఖాళీ. పెట్టెలో వచ్చే చిన్న యూఎస్‌బీ ఛార్జర్‌తో అది నిండటానికి రెండు మూడు గంటలు పడుతుంది. పావుగంట ఆటకు రెండు గంటల ఎదురుచూపు పిల్లలతో కాదు. రెండో బ్యాటరీ కొనమన్నది అందుకే. కొనేటప్పుడు వోల్టేజీ, సైజు, కనెక్టర్ మూడూ పాతదానితో కలవాలి. ఎరుపు తీగ ఏ వైపు ఉందో కూడా సరిచూడండి.

లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ 3.7 వోల్టులు, నిండితే 4.2. మూడు వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. కారు నీరసంగా కదలడం మొదలుపెడితే ఆపేయాలి. "ఇంకొక్క రౌండు మామా" అన్నా ఒప్పుకోవద్దు. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ బరువు ఎక్కువ, జోరు తక్కువ, కానీ కొంత మొరటు వాడకానికి తట్టుకుంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో నేను దానికే మొగ్గు చూపుతాను.

ఛార్జింగ్ ఎప్పుడూ షాబాద్ బండల మీదో, సిమెంటు నేల మీదో పెట్టండి. మంచం మీద, పరుపు మీద, సోఫాలో వద్దు. పెట్టి పడుకోవద్దు, ఇల్లు తాళం వేసి పోవద్దు. నడిపి తెచ్చిన వెంటనే బ్యాటరీ వేడిగా ఉంటుంది, చల్లారాకే ఛార్జింగ్. మే నెల ఎండల్లో బైకు డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ వదిలేయడం ప్రమాదం. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయకూడదు, గుచ్చకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. వారాల తరబడి నడపకపోతే పూర్తిగా నింపి కాకుండా సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర, అంటే సగం ఛార్జ్‌తో దాచండి.

పెట్టె వచ్చాక

విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ఏదైనా విరిగి వస్తే అదే మీ సాక్ష్యం. తర్వాత బ్యాటరీ పెట్టకుండా చక్రాలను చేత్తో తిప్పండి. కరకరమంటే గేర్లు సరిగా కూర్చోలేదని. చక్రాల నట్లు, అడుగున స్క్రూలు ఒకసారి బిగించండి. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలను బలంగా తిప్పితే మర పోతుంది, ఆగిన చోట ఆపండి.

ముందు రిమోట్ ఆన్, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోట్. ఈ వరుస తప్పితే కారు తనంతట తాను ఉరికే ప్రమాదం ఉంది. మొదటిసారి కారును ఒక ఇటుక మీద పెట్టి, చక్రాలు గాల్లో ఉండగా అన్నీ పరీక్షించండి. స్టీరింగ్ వదిలితే చక్రాలు తిన్నగా నిలవకపోతే రిమోట్ మీద ట్రిమ్ బటన్‌తో సరిచేయండి. మొదటి రెండుసార్లు బ్యాటరీ అయిపోయేదాకా సగం వేగంతోనే, బండ్లు తిరగని చోట నడపండి.

ఇంటికి తెచ్చాక నీళ్లతో కడగకండి. పెట్టె మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్నా అది చాలాసార్లు చిందిన నీళ్ల వరకే. పాత పెయింటు బ్రష్‌తో ఎర్రదుమ్ము దులపండి. ముఖ్యంగా మోటరు గేరు, స్పర్ గేరు కలిసేచోట మొరం రవ్వ ఇరుక్కుంటుంది, పళ్లు అరిగేది దాని వల్లే. చక్రాల లోపలి వైపు ఇరుసుకు గడ్డి, దారాలు, వెంట్రుకలు చుట్టుకుంటాయి. వాటిని పట్టకారుతో లాగేయండి. ఈ దులపడం, లాగడం పిల్లవాడితోనే చేయించండి. మావాడికి ఇప్పుడు స్పర్ గేరు మార్చడం వచ్చు, ఇరవై నిమిషాలు పడుతుంది.