తగ్గింపు ఎవరిస్తున్నారో అడిగాకే బిల్లు వేయించుకోండి

గాజువాకలో ఫ్రిజ్‌లు, ఏసీలు అమ్మే షాపులో బిల్లింగ్ నాది. సంక్రాంతి సీజన్‌లో కౌంటర్ దగ్గర ఎక్కువగా వినే మాట ఇది: "రెండున్నర వేలు తగ్గిస్తామన్నారు, మరి జీఎస్టీ పూర్తి ధర మీద వేశారేంటమ్మా?" అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే బిల్లు కొట్టకముందే అడగాలి. ఆ రెండున్నర వేలు ఎవరి జేబులోంచి వస్తున్నాయన్న దాన్నిబట్టే పన్ను మారుతుంది.

షాపే తగ్గిస్తే తగ్గిన ధర మీదే పన్ను. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం సెక్షన్ 15 ప్రకారం ఆ తగ్గింపు బిల్లులో కనబడాలి. పన్ను కలపకముందు ఫ్రిజ్ ధర 25,000 అనుకోండి. 2,500 తీసేస్తే 22,500. దానిమీద 18 శాతం, కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం, అంటే సీజీఎస్టీ 2,025, ఎస్‌జీఎస్టీ 2,025. మొత్తం 26,550.

అదే 2,500 కంపెనీ క్యాష్‌బ్యాక్ అయితే షాపు ధర తగ్గినట్టు కాదు. పన్ను 25,000 మీదే పడుతుంది, 4,500. కౌంటర్‌లో 29,500 కడతారు, క్యాష్‌బ్యాక్ తర్వాత ఖాతాలో పడుతుంది. చివరికి మీకయ్యే ఖర్చు 27,000. అంటే షాపు తగ్గించినప్పటి కంటే 450 ఎక్కువ. కంపెనీ మీకు ఫలానా తక్కువ ధరకు ఇస్తామని ఒప్పుకుని, ఆ తేడా షాపుకు కట్టినా పన్ను లెక్క ఇంతే. 2025 సెప్టెంబర్ 12 నాటి కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. కార్డు మీద బ్యాంకు భరించే తగ్గింపుకైనా షాపు ధర తగ్గదు.

చాలామంది తికమకపడేది ఎమ్మార్పీ దగ్గర. అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. షాపువాళ్లు "29,500లో 2,500 తగ్గిస్తాం" అంటే మీరు కట్టేది 26,550 కాదు, 27,000. అందులో పన్ను 4,118 రూపాయల 64 పైసలు. అందుకే బేరం కుదిరాక "ఈ తగ్గింపు పన్నుకు ముందా, తర్వాతా?" అని తప్పకుండా అడగండి. ఇంటికి కొనేవాళ్లు చివరి మొత్తం చూసుకుంటే చాలు. మందుల షాపుకి ఫ్రిజ్ కొనేవాళ్లు, మామూలు జీఎస్టీ పద్ధతిలో (రెగ్యులర్ స్కీమ్) ఉంటే, జీఎస్టీ నంబర్ ముందే చెప్పి పన్ను వరస కూడా చూసుకోవాలి. ఇన్‌పుట్ క్రెడిట్ (కొనేటప్పుడు కట్టిన పన్నును తమ అమ్మకాల పన్నులోంచి తీసేసుకునే వీలు) వచ్చేది దానిమీదే.

బిల్లయిపోయాక మేనేజర్ మీ చేతిలో పెట్టే ఐదొందలకు పన్ను తగ్గదు. బిల్లులోనే తగ్గించమనండి.

పాతది ఇచ్చి కొత్తది కొనేటప్పుడు పాతదాని విలువను డిస్కౌంట్‌గా లెక్కేయకండి. జీఎస్టీ నిబంధనల్లోనే దీనికి ఉదాహరణ ఉంది: పాత ఫోన్ ఇస్తే కొత్తది 20,000, ఇవ్వకపోతే 24,000. పన్ను 24,000 మీద.