క్లాస్ బ్లాగు మొరాయిస్తోందా?

హైదరాబాద్ స్కూళ్లలో తెలుగో, సోషలో చెప్పే టీచర్లు క్లాస్ బ్లాగు పెట్టగానే ఎదురయ్యే తిప్పలివి. వీటిలో కంప్యూటర్ తప్పు తక్కువే.

సమస్య: అందరూ రాస్తున్నారు గానీ ఒకే వ్యాసం మళ్లీ మళ్లీ చదివినట్టుంది.

కారణం: ప్రశ్న. "1908 మూసీ వరద గురించి రాయండి" అంటే సెప్టెంబర్ 28, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి బతికిన 150 మంది. నెట్‌లో ఉన్న ఈ ముక్కలే అందరి పోస్టుల్లోనూ కనిపిస్తాయి. కాపీ కొట్టారని తిట్టి లాభం లేదు.

పరిష్కారం: ఆ వరద సంగతి క్లాసులో మీరే చెప్పేయండి. పిల్లల్ని వేరేది అడగండి: "2020 అక్టోబర్ 13 రాత్రి వానకి మీ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? ఇంట్లో ముందుగా ఏ సామాను పైకెత్తారు? అమ్మనో పక్కింటి తాతనో అడిగి రాయండి." టోలిచౌకి పిల్ల రాసేది, కొండాపూర్ పిల్లాడు రాసేది ఒకటి కాదు. తాత ఉర్దూలో చెప్తే ఆ మాటల్ని అలాగే తెలుగు లిపిలో రాయనివ్వండి, "శుద్ధమైన తెలుగు" పేరుతో కొట్టేయకండి. పోస్టులో పస ఉండేది అక్కడే.

సమస్య: కామెంట్లన్నీ "సూపర్", "బాగుంది".

కారణం: కామెంట్ ఎలా రాయాలో ఎవరూ చూపించలేదు. మార్కుల కోసం కామెంట్లు లెక్కపెట్టడం మొదలైతే ఇంకా పాడవుతుంది.

పరిష్కారం: మొదటి కామెంట్ మీరే పెట్టండి. పోస్టులో ఒక వాక్యం పట్టుకుని అడగండి: "ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టామన్నావు, ఆ రాత్రి ఇటుకలు ఎక్కడ దొరికాయి?" ఇలాంటివి రెండు మూడు చూస్తే పిల్లలే అందుకుంటారు.

సమస్య: తల్లిదండ్రుల టెన్షన్.

అది న్యాయమే. గూగుల్ వాళ్ల బ్లాగు సర్వీసు బ్లాగర్‌లో రాయాలంటే గూగుల్ అకౌంట్ కావాలి, 13 ఏళ్లు నిండని పిల్లలు సొంతంగా అది తెరవకూడదు. కాబట్టి బ్లాగు టీచర్ అకౌంట్‌తోనే నడపండి, పోస్టులు మీరే ఎక్కించండి. పూర్తి పేరు, ఫొటో, ఇంటి అడ్రసు వద్దు. బ్లాగర్ సెట్టింగ్స్‌లో, మీరు ఒప్పుకున్న కామెంట్లే బయటికి కనిపించేలా పెట్టుకోవచ్చు. తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం మరిచిపోవద్దు.

సమస్య: నెల తిరక్కుండానే ఆగిపోయింది.

కారణం: అందరివీ దిద్దలేక టీచరే అలసిపోయారు. వారానికి అయిదుగురికే వంతు పెట్టండి, మిగతావాళ్లు చదివి కామెంట్ రాస్తారు.

సమస్య: డీటీపీ సెంటర్‌లో టైపు చేయించింది పేస్టు చేస్తే ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి.

కారణం: అది డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో ఉంది, ఫోన్లలో, నెట్‌లో అంతటా తెలుగుగానే కనిపించే యూనికోడ్ కాదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి గానీ ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. అసలు ఆ సెంటర్ దాకా వెళ్లే పనే లేదు. ఫోన్‌లో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) మైక్ నొక్కి తెలుగులో చెప్తే టైపు అవుతుంది. ఊర్ల పేర్లు, ఇంటిపేర్లు తప్పుగా పడతాయి, వాటిని పిల్లల చేతే దిద్దించండి.