చిలుక రెట్టలో గింజలు కనిపిస్తున్నాయా?

చిలుకల నరాలను దెబ్బతీసే బోర్నా వైరస్ ముదిరిన ఆఫ్రికన్ గ్రే చిలుక గిన్నె ఖాళీ చేస్తూనే చిక్కిపోవచ్చు. పొట్ట నరాలు దెబ్బతిని తిన్నది అరగదు. రెట్టలో పొద్దుతిరుగుడు గింజలు గింజల్లాగే పడతాయి. అందుకే గట్టి గింజలు మానేసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన పెల్లెట్లు (చిలుకల కోసం అమ్మే గుళికల మేత), ఉడికించి మెదిపిన చిలగడదుంప కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. నానినవి మన ఎండలకు త్వరగా పులిసిపోతాయి, మిగిలింది తీసేయాలి.

నన్నడిగితే మందులతో పాటు కొనాల్సింది కాటా. రోజూ పొద్దున్నే, మేత పెట్టకముందే తూచి రాసుకోండి. ఈకల మాటున చిక్కడం కంటికి ఆనదు. 450 గ్రాముల పిట్ట 40 గ్రాములు తగ్గిందంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కాళ్లు పట్టు తప్పుతుంటే కూర్చునే కర్రను కిందికి దించి, అడుగున తువ్వాలు పరవండి.