చేతి అలవాట్లకు చేతిపట్టీ – 3వ పాఠం: పట్టీకి మన కదలికను నేర్పడం

మనకు తెలియకుండానే చెయ్యి జుట్టు వైపు, నోటి వైపు వెళ్లినప్పుడు కంపించి హెచ్చరించే ఎలక్ట్రానిక్ చేతిపట్టీ గురించి ఈ పాఠం. గత రెండు పాఠాలలో మనం పట్టీ జోలికి పోలేదు. జుట్టు పీక్కోవడం, గోళ్లు కొరుక్కోవడం ఏయే వేళల్లో, ఏ చోట, ఏ భంగిమలో జరుగుతున్నాయో నోటుపుస్తకంలో రాసుకున్నాం. చెయ్యి వెంట్రుకను గాని గోరును గాని చేరే దారిని మెట్లుగా విడదీసుకున్నాం. ఆ పుస్తకం నిండని వారు ఈ పాఠాన్ని ఒక వారం వాయిదా వేసుకోవడం మంచిది, ఎందుకంటే పట్టీకి ఏ కదలికను నేర్పాలో చెప్పేది ఆ పుస్తకమే.

మొదట పట్టీకి ఏమి తెలుస్తుందో, ఏమి తెలియదో చూద్దాం. దాని లోపల యాక్సెలరోమీటర్ అనే చిన్న సెన్సర్ ఉంటుంది. చాలావాటిలో జైరోస్కోప్ కూడా ఉంటుంది. భూమి ఆకర్షణ ఏ వైపునుంచి పనిచేస్తున్నదో గ్రహించి మణికట్టు ఎటు, ఎంత వాలి ఉందో మొదటిది చెబుతుంది. మణికట్టు ఎంత వేగంగా తిరుగుతున్నదో రెండవది చెబుతుంది. అంతకు మించి పట్టీకేమీ తెలియదు. మీ వేళ్లు కణత దగ్గర ఉన్నాయో, కళ్లజోడు సరిచేస్తున్నాయో అది చూడలేదు. 2018లో టైమ్ పత్రిక ఆ ఏటి ఉత్తమ ఆవిష్కరణలలో ఒకటిగా ఎంచిన కీన్ అనే అమెరికా పట్టీ కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది: వాడేవారు తమ కదలికను ముందుగా నమోదు చేసి పెడతారు, ఆ తర్వాత దానిని పోలిన కదలిక ఎదురైనప్పుడల్లా పట్టీ కంపిస్తుంది. స్మార్ట్‌వాచీల మీద ఇదే పని చేసే యాప్‌లు కూడా ఉన్నాయి. మీ దగ్గర ఏది ఉన్నా ఈ పాఠంలోని మెలకువలు వర్తిస్తాయి.

ఇక నేర్పడం. చాలామంది పట్టీ కొన్న రోజునే, హాల్లో నిలబడి, చేతిని తలకు చేర్చి నమోదు చేసేస్తారు. అలా చేస్తే పట్టీ నటనను నేర్చుకుంటుంది. మీ పుస్తకంలో ఎక్కువసార్లు కనిపించిన చోటికే వెళ్లండి. గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ చదివే అమ్మాయి రాత్రి చదువుకునే బల్ల దగ్గర ఎడమ మోచేతిని ఆనించి జుట్టు పీక్కుంటుందనుకుందాం. ఆమె అదే కుర్చీలో, అదే పుస్తకం తెరిచి, అదే మోచేతిని ఆనించి నమోదు చేయాలి. విజయవాడ వన్‌టౌన్‌లో దుకాణం లెక్కలు రాసుకునే గుమాస్తా గోళ్లు కొరికేది గల్లాపెట్టె ముందు కూర్చున్నప్పుడైతే, ఆయన ఆ ఎత్తు కుర్చీలోనే నేర్పాలి. కుర్చీ ఎత్తు మారితే మోచేయి వంపు, దానితో మణికట్టు వాలు మారిపోతాయి.

పడుకుని జుట్టు పీక్కునేవారు దీనిని మరింత జాగ్రత్తగా గమనించాలి. కూర్చున్నప్పుడు కణత దగ్గరకు వెళ్లిన చెయ్యి, వెల్లకిలా పడుకున్నప్పుడు కణత దగ్గరకు వెళ్లిన చెయ్యి మనకు ఒకటే, కాని భూమి ఆకర్షణను బట్టి లెక్కగట్టే పట్టీకి అవి రెండు వేర్వేరు భంగిమలు. మధ్యాహ్నం మంచం మీద ఫోను చూస్తూ పీక్కునే అలవాటు ఉంటే దానిని విడిగా నమోదు చేయండి. విజయవాడ–గుంటూరు బస్సులో కిటికీ అంచున మోచేయి పెట్టుకుని ప్రయాణించే వేళ కూడా ఇలాంటిదే. అయితే ఒకేసారి అన్నీ నేర్పవద్దు. ఎక్కువ నష్టం జరుగుతున్న ఒక్క భంగిమతో మొదలుపెట్టి, అది కుదిరాక రెండవదానికి వెళ్లండి.

ఏ మెట్టు దగ్గర నమోదు చేయాలన్నది ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మన ఉదాహరణలోని అమ్మాయి మెట్లు ఇలా ఉన్నాయనుకుందాం: మోచేయి బల్ల మీద ఆనుతుంది, అరచెయ్యి చెంపకు చేరుతుంది, వేళ్లు జుట్టులో గరుకైన వెంట్రుక కోసం వెతుకుతాయి, దొరికినదానిని చుట్టి లాగుతాయి. లాగే మెట్టును నమోదు చేస్తే పట్టీ కంపించేసరికి వెంట్రుక చేతిలో ఉంటుంది. మోచేయి ఆనడాన్ని నమోదు చేస్తే చదువుకున్నంతసేపూ పట్టీ మోగుతూనే ఉంటుంది, రెండు రోజుల్లో విసుగొచ్చి దానిని సొరుగులో పడేస్తారు. వేళ్లు వెతకడం మొదలయ్యే మెట్టే సరైనదని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ చెయ్యి ఇంకా మన మాట వినే స్థితిలో ఉంటుంది. ఆ భంగిమలో చేతిని కొన్ని క్షణాలు నిలిపి నమోదు చేయండి. యాప్ అడిగినన్నిసార్లు, ప్రతిసారీ చేతిని పూర్తిగా కిందికి దించి మళ్లీ సహజంగా పైకి తీసుకువెళ్లండి.

మన భోజన పద్ధతి వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. గోరు కొరకడానికి నోటి దగ్గరకు వెళ్లే చెయ్యీ, ముద్ద కలిపి నోట పెట్టుకునే చెయ్యీ పట్టీకి దాదాపు ఒక్కటిగానే కనిపిస్తాయి. అందువల్ల కుడిచేతికి కట్టుకున్నవారు భోజనానికి ముందు పట్టీని తీసివేయాలి లేదా యాప్‌లో కాసేపు ఆపాలి. కుడిచేత్తో రాసుకుంటూ ఎడమచేత్తో జుట్టు పీక్కునేవారికి ఈ చిక్కు లేదు. కాని ఒక చేతిని కాపలా పెట్టగానే అలవాటు రెండో చేతికి మారడం తరచుగా జరిగేదే. అలా మారితే రెండు చేతులకూ పట్టీలు అవసరమవుతాయి. తల దువ్వుకునేటప్పుడు, జడ వేసుకుని పూలు పెట్టుకునేటప్పుడు, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు వచ్చే తప్పుడు హెచ్చరికలు కొన్ని ఉండనే ఉంటాయి. వాటిని పూర్తిగా లేకుండా చేయాలని సున్నితత్వాన్ని మరీ తగ్గిస్తే అసలు కదలిక కూడా తప్పిపోతుంది. వచ్చిన కంపనాలలో సగానికి పైగా తప్పుడువైతేనే మళ్లీ నేర్పండి.

పట్టీ కంపించాక ఏం చేయాలి? పట్టీ కొన్నవారిలో ఎక్కువమందికి అందని భాగం ఇదే. కంపనం చేతిని ఆపదు, చెయ్యి ఎక్కడుందో తెలియజేస్తుంది. ఆపేది మనం ముందుగా సాధన చేసి ఉంచుకున్న బదులు చర్య. నాథన్ ఆజ్రిన్, గ్రెగరీ నన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించిన అలవాటు మార్పిడి శిక్షణలో ఎరుక, బదులు చర్య, తోటివారి తోడ్పాటు ప్రధాన భాగాలు. వీటిలో మొదటిదానికి మాత్రమే పట్టీ సాయపడుతుంది. బదులు చర్య పాత అలవాటుతో ఏకకాలంలో చేయడానికి వీలులేనిదై, పక్కవారికి కనిపించనిదై, చేస్తున్న పనిని ఆపనిదై ఉండాలి. చేతిని కిందికి దించి, పిడికిలి మెత్తగా బిగించి, మోచేతిని నడుముకు ఆనించి ఒక నిమిషం ఉంచడం చాలామందికి సరిపోతుంది. రాసుకునేవారు ఆ చేత్తో పుస్తకం అంచును గట్టిగా పట్టుకోవచ్చు. నిమిషం గడిచినా కోరిక తగ్గకపోతే మరొక నిమిషం. అప్పటికే వెంట్రుక ఊడివచ్చినా సరే, బదులు చర్యను మానవద్దు. పట్టీ లేకుండా కూడా రోజూ పడుకోబోయే ముందు దీనిని పదిసార్లు సాధన చేయండి. విద్యార్థులకు ఇది మరీ అవసరం. పరీక్ష హాలులోకి ఎలక్ట్రానిక్ వస్తువులను రానివ్వరు, ఒత్తిడి ఎక్కువగా ఉండేది మాత్రం అక్కడే.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్ల చేతి పట్టీ కంపించినప్పుడల్లా ‘మళ్లీనా?’ అని అడగకండి, యాప్‌లోని లెక్కను రోజూ తీసి చూడకండి. హెచ్చరిక మందలింపుగా మారిన ఇంట్లో పిల్లలు పట్టీని తీసి దాచేస్తారు, తలుపు వేసుకుని పీక్కుంటారు. ఫ్రెంచ్ చర్మవైద్యుడు హాలపో 1889లోనే ట్రైకోటిల్లోమేనియా అని పేరుపెట్టిన ఈ జుట్టు పీక్కునే స్థితిని వైద్యులు మొండితనంగా పరిగణించరు. తోడ్పాటు అంటే, పిల్ల చేతిని దించి పిడికిలి బిగించడం చూసినప్పుడు ‘బాగా చేశావమ్మా’ అని ఒక్క మాట అనడం. ఆ మాట అనే బాధ్యత ఇంట్లో ఒక్కరే తీసుకుంటే చాలు.

మే నెలలో మన ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు పట్టీ కింద చెమట పట్టి చర్మం ఎర్రబడుతుంది. రోజంతా కట్టుకోవాల్సిన పని లేదు. మీ పుస్తకంలో తేలిన రెండు గడ్డు వేళల్లో కట్టుకుంటే చాలు. దీనివల్ల మరొక ప్రయోజనం ఉంది: ఎడతెరిపి లేకుండా కంపిస్తే శరీరం దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది. వారం పదిరోజుల తర్వాత అలా అనిపిస్తే కంపనం తీరును మార్చండి.

కొన్ని పరిస్థితుల్లో పాఠాలను పక్కనపెట్టి వైద్యులను కలవాలి. పీకిన వెంట్రుకలను మింగే అలవాటు ఉండి కడుపునొప్పి, వాంతులు వస్తుంటే ఆలస్యం చేయవద్దు, కడుపులో వెంట్రుకలు ఉండకట్టే ప్రమాదం ఉంది. గోరుచుట్టు లేచి చీము పట్టినా, దిగులుతో నిద్ర, తిండి, చదువు దెబ్బతింటున్నా అంతే. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ వారం అభ్యాసానికి పుస్తకంలో ప్రతి పేజీని నాలుగు గడులుగా గీసుకోండి: కంపించిన వేళ, నిజమైనదా తప్పుడుదా, బదులు చర్య చేశానా, అప్పుడు మనసులో ఏముంది. చివరి గడిలో ‘తెలిసే పీక్కున్నాను’ అని పదేపదే రాయవలసి వస్తే ఆ పేజీలకు గుర్తు పెట్టుకోండి. పరధ్యానంగా జరిగేదానికి పట్టీ పనికివస్తుంది కాని, అద్దం ముందు నిలబడి తెలిసి పీక్కునేవారికి చెయ్యి ఎక్కడుందో కొత్తగా చెప్పడం వల్ల ఒరిగేది తక్కువ. అద్దాన్ని, పట్టకారును, గది వెలుతురును ఎలా మార్చుకోవాలో 4వ పాఠంలో ఆ గుర్తుపెట్టిన పేజీలను ఎదురుగా పెట్టుకునే నేర్చుకుంటాం.