పుస్తకంల తెల్ల పేజీ కనవడితే ఏం జూడాలె

తెల్ల పేజీ కనవడంగనే షాపాయన మీదికి లొల్లికి పోకుండ్రి, ముందుగాల పేజీ నంబర్లు జూడుండ్రి. నంబర్ తప్పకుండ, మ్యాటర్ తెగకుండ ఉంటే అది కావాలనే ఇడిచిపెట్టిండ్రన్నట్టు. చానా పుస్తకాలల్ల కొత్త చాప్టర్ కుడిదిక్కు పేజీలనే షురువైతది, ముందటి చాప్టర్ గూడ కుడిదిక్కే అయిపోతే దాని ఎనక పేజీ ఖాళీ.

పుస్తకం చివర్ల తెల్ల పేజీలు ఎందుకుంటయంటే, ప్రెస్సుల పేజీలు ఒక్కొక్కటి కొట్టరు, పెద్ద షీటుకు రెండు దిక్కుల ఎనిమిదేసి పేజీలు కొట్టి మడుస్తరు, గదే 16 పేజీల ఫారం. మీ మ్యాటర్ 90 పేజీలైతే 6 ఫారాలు, అంటే 96, మిగిలిన 6 తెల్లగనే ఉంటయి. సొంతంగ కవితల బుక్కు ఏపిచ్చుకునేటోళ్లు గండ్ల ఇంకో రెండు కవితలు ఎక్కియ్యుండ్రి, కాయితం ఖర్చు గంతే.

మరి అసలు తప్పు ఎట్లుంటదంటే, నల్లగొండ గడియారం సెంటర్ల కొన్న నా బుక్కుల 34, 35 తెల్లగ, 36, 37 మంచిగ, 38, 39 మల్ల తెల్లగ, ఇట్ల జతలు జతలుగ పోయినయి. షీటు ఒకదిక్కే అచ్చయిందన్నట్టు. గసుంటిది బిల్లు తీస్కపోయి మార్పిచ్చుకోండ్రి, నేనైతే బిల్లు ఆడనే పారేసిన.